గంట మోగలేదన్న మాట

దొర మెడ పట్టీ కుట్టింది టైలరే. కోటు కుట్టగా మిగిలిన గుడ్డతో, గొంతుకి ఒత్తుకోకుండా వేలు దూరేంత వదులుగా కుట్టి, ముందువైపు ఇత్తడి గంట కట్టాడు.

“ఇక ఇది ఎక్కడ తిరిగినా నీకు తెలిసిపోతుంది, చెల్లెమ్మా,” అన్నాడు.

దొర అంటే పిల్లి. పిలిస్తే రాదు, పిలవకపోతే వస్తుంది, వచ్చాక ఎవరో ఒకరు లేచి దానికి కుర్చీ ఇవ్వాలి. అందుకని ఆ పేరు. దాన్ని పెంచుకుంటున్న ఆవిడకి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. వస్తువు పెట్టిన చోట ఉంటేనే ఆవిడ ఇల్లు సాగుతుంది. దొర చెప్పుల జతలో ఒకదాన్ని మంచం కిందికి ఈడ్చేది. సబ్బుని స్నానాలగదిలోంచి వంటింట్లోకి తెచ్చేది. గ్లాసుని బల్ల అంచుదాకా నెట్టి, ఆవిడ చెయ్యి చాచేవరకు ఆగి, అప్పుడు పడేసేది. ఆవిడ తిట్టేది. తిట్టాక పాలు పోసేది.

ఆవిడకి ఆసుపత్రిలో టెలిఫోన్ బోర్డు మీద ఉద్యోగం. అందుకని ఇంటి దగ్గర కూడా అందరూ ఆపరేటరమ్మ అంటారు. లైన్లో మనిషి హలో అనకముందే ఊపిరిని బట్టి ఎవరో చెప్పేది. ఓసారి పెద్ద డాక్టరు గొంతు మార్చి ఏడిపించబోతే, “ముక్కు ఇంకా పట్టేసే ఉందా సార్?” అని అడిగి ఆయన నోరు మూయించింది. ఆ కథ ఆసుపత్రిలో చాలాకాలం తిరిగింది. తిప్పింది ఆవిడే.

టైలర్ మిషను ఆ బిల్డింగులో మెట్ల కింద ఉంటుంది. ఆవిడ బట్టలన్నీ ఆయనే కుడతాడు. కాలరు లోపల, చెయ్యి పెడితే తగిలేలా, దారంతో ముడులు వేస్తాడు. ఒక ముడి తెలుపు, రెండు ముడులు నీలం, మూడు నలుపు. ఆవిడ అడిగి వేయించుకున్నవి కావు. “నువ్వు నీలం మీద పచ్చ వేసుకుని పోతే జనం నిన్నేమీ అనరు. కుట్టినవాణ్ణి అంటారు,” అన్నాడాయన. ఇద్దరి మధ్య మాట అలా ఉండేది.

ఒక సాయంత్రం ఆయన కోటు పట్టుకుని పైకి, ఆవిడ గుమ్మంలోకి వచ్చాడు. మర్నాడు ఒక పెళ్లికొడుకు తొడుక్కోవాల్సిన కోటు. ఆవిడ చెయ్యి పట్టుకుని వేళ్లని లోపలి సిల్కు లైనింగ్ మీద ఆనించాడు. గుడ్డ పైనుంచి కిందికి చీలికలుగా ఉంది.

“చూడు, నీ దొర చేసిన ఘనకార్యం.”

“మా దొర ఇల్లు కదల్లేదు అన్నయ్యా. నేను డ్యూటీ నుంచి వచ్చినప్పటి నుంచీ మెట్ల మీద గంట మోగలేదు.”

“మోగదమ్మా. మెట్లు దిగేటప్పుడు గడ్డం వంచి గంటని గొంతుకేసి నొక్కి పట్టుకుంటుంది. నేను చూశాను.”

ఆవిడకి నవ్వొచ్చింది. “గంట పట్టుకుని దిగిందా? దిగాక నిన్ను పలకరించిందా లేదా? కోటుకి కత్తెర తగిలించుకుని ఇప్పుడు నా చెవిలో పువ్వులు పెడుతున్నావు.”

“నీ చెవుల జోలి నాకెందుకు? మెట్ల వైపున్న వంటింటి కిటికీ మూసుకో అంటున్నాను. అంతేగా?”

“నా చెవులు అబద్ధం చెబుతున్నాయంటావు!”

“చెవులు కాదు తల్లీ, పిల్లి.”

అప్పుడు ఆవిడ ఆ మాట అంది. పై అంతస్తు దాకా వినపడేలా అంది.

“కళ్లు లేనిదాన్ని కదా, ఎవరి తప్పయినా నా నెత్తిన రుద్దొచ్చు. అడిగేవాళ్లెవరు?”

తలుపులు తెరుచుకున్నాయి. పై అంతస్తు మాస్టారు చెప్పులు టపటపలాడించుకుంటూ దిగాడు. ఆయన రిటైరయ్యాక ఆ బిల్డింగు సెక్రటరీ అయ్యాడు. పిల్లల్ని కోప్పడే గొంతు మాత్రం రిటైరు కాలేదు.

“ఏమయ్యా, నీకు దొరికింది ఈ అమ్మాయేనా? సిగ్గుండాలి!”

“మాస్టారూ, మీరు చూడలేదా ఆ పిల్లిని? మీరైనా చెప్పండమ్మా, రోజూ చూస్తూనే ఉన్నారుగా?” అని గుమ్మాల్లో ఉన్నవాళ్లని కూడా అడిగాడు టైలర్.

ఎవరూ మాట్లాడలేదు. ఎవరో దగ్గారు. ఆ నిశ్శబ్దాన్ని ఆపరేటరమ్మ తన గెలుపు కింద లెక్క వేసుకుంది.

ఆ ఆదివారం మాస్టారి ఇంట్లో బిల్డింగు మీటింగు జరిగింది. మెట్ల కింద స్థలం అందరిదీ కాబట్టి, నెలాఖరుకి మిషను తీసేయాలని టైలర్‌కి చెప్పారు. “నువ్వేమంటావమ్మా?” అని మాస్టారు ఆవిడని అడిగాడు. “మీ ఇష్టం,” అంది ఆవిడ. కూర్చున్న చోటికే టీ వచ్చింది. ఆ గదిలో టైలర్‌కి కుర్చీ వెయ్యలేదన్న సంగతి ఆవిడకి తరువాత తెలిసింది.

ఆ తరువాత రోజులు ఆవిడకి హాయిగానే గడిచాయి. మెట్ల దగ్గర ఎవరో ఒకరు మోచెయ్యి పట్టుకునేవారు. మాస్టారి భార్యని ఆవిడ పిన్ని అంటుంది; పిన్ని సంచి అందుకుని పైదాకా తెచ్చిపెట్టేది. మెట్ల కింద మిషను ఆడుతుంటే ఆవిడ మాట్లాడకుండా దాటిపోయేది. మిషను ఆగేది కాదు.

నెల చివరి వారంలో, ఒక సెలవు రోజు పొద్దున్న, ఆవిడ వంటింట్లో చెంచా జారవిడిచింది. అది ఎక్కడికి దొర్లిందో చప్పుడుని బట్టి తెలిసింది. బోర్లా పడుకుని కిటికీ కింద అలమర సందులోకి చెయ్యి చాపింది. కిటికీ మీంచి ఏదో ఆవిడ వీపు మీదికి దిగింది. నాలుగు కాళ్ల బరువు. వీపు మీంచి భుజం, భుజం మీంచి చెయ్యి. దొర నడిచిపోతోంది. ఆవిడ చెవి దానికి జానెడు దూరంలో ఉంది.

గంట మోగలేదు.

దాని వెనకాల మణికట్టు మీంచి సన్నగా, పట్టీలాగా ఒకటి జారుకుంటూ పోతోంది. ఆవిడ పట్టుకుంది. నున్నటి టేపు, అంచున రేకు ముక్క. టైలర్ కొలతల టేపు. అవతలి కొస దొర నోట్లో ఉంది. రెండో చేత్తో దాని మెడ తడిమింది. గడ్డం ఛాతీకి ఆనించి ఉంది. గంట రెంటి మధ్య నలిగి ఉంది. ఆవిడ వేలితో గడ్డాన్ని పైకెత్తింది. అప్పుడు మోగింది.

ఆవిడ లేచి, దొర ఎప్పుడూ దూరే బీరువా దగ్గరికి వెళ్లి కింద చీపురు పెట్టి లాగింది. సుద్ద ముక్కలు వచ్చాయి. దారపు రీళ్లు, బాబిన్లు, కోటు గుండీ. చివర్లో సిల్కు పీలిక వచ్చింది. పీలికకి గోళ్లు దిగిన బెజ్జాలున్నాయి.

నేల మీదే కూర్చుండిపోయింది. తల కొట్టేసినట్టయింది. పిల్లి చేసిన పని కాదు ఆవిడని కూలబడేసింది. ఆ రోజు గుమ్మంలో తను అన్న మాట ఇప్పుడు తన గొంతులోనే, అక్షరం పొల్లు పోకుండా, మళ్లీ వినపడుతోంది. ఆ మాట అంటున్నప్పుడు దానికి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదని తనకి తెలుసు. తెలిసే అంది.

టేపు చేతికి చుట్టుకుని పైకి వెళ్లింది. పిన్ని తలుపు తీసింది.

“పిన్నీ, దొర గంట మోగకుండా నడుస్తోంది.”

“అది ఇవాళ తెలిసిందా నీకు!” పిన్ని నవ్వింది. “బుద్ధిమంతుడిలా తల దించుకుని, మెట్టు మెట్టుకీ ఆగి... మా ఆయనైతే రోజూ ఆ తమాషా చూడ్డానికే గుమ్మంలో నించునేవారు.”

“మాస్టారు చూశారా?”

“ఆయనేమిటి, చూడనిదెవరు?”

“మరి ఆ రోజు అన్నయ్య అడిగితే ఒక్కరూ చెప్పలేదేం?”

పిన్ని గొంతు తగ్గింది. “అందరి ముందూ నిన్ను ఎలా కాదంటామే? పాపం, నీకున్నవే ఆ రెండు చెవులు. ఆ టైలర్‌దేముంది, ఎక్కడైనా మిషను పెట్టుకుని బతుకుతాడు.”

ఆపరేటరమ్మ వెనక్కి తిరిగింది. నెల్లాళ్లుగా తన మోచెయ్యి పట్టుకున్న చేతులన్నీ అబద్ధం తెలిసి పట్టుకున్నవే. వాటికి తను థాంక్స్ చెబుతూ వచ్చింది.

మెట్లు దిగుతుంటే ఎవరో చెయ్యి అందించబోయారు. వద్దంది. కింద స్పానరు చప్పుడు వినపడింది. టైలర్ మిషను కాళ్ల నట్లు విప్పుతున్నాడు.

“అన్నయ్యా.”

స్పానరు ఆగలేదు.

“నీ టేపు.”

“అక్కడ పెట్టు.”

“గంట పట్టుకునే నడుస్తోంది. నువ్వు చెప్పినట్టే. కోటు పీలిక మా బీరువా కింద ఉంది.”

“నాకు తెలియని సంగతి చెప్పు.”

క్షమించమనడం తేలికే. ఈ మెట్ల కింద, ఇద్దరే ఉన్న చోట, ఎంత సేపైనా అనొచ్చు. ఆ రోజు మాట అన్నది ఇక్కడ కాదు.

వెనక్కి తిరిగి తన గుమ్మం దాకా ఎక్కింది. ఆ రోజు నించున్న చోటే నించుంది. బోర్డు మీద వాడే గొంతుతో పిలిచింది.

“మాస్టారూ, పిన్నీ, అందరూ ఒకసారి బయటికి రండి.”

తలుపులు తెరుచుకున్నాయి. మాస్టారి చెప్పులు దిగాయి.

“కోటు చింపింది మా పిల్లే. అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆయన్ని అబద్ధాలకోరుని చేశాను. మీరు మిషను తీసేయమంటుంటే మీ ఇష్టమన్నాను.”

“అయ్యో, దానికేముందమ్మా,” అన్నాడు మాస్టారు. పిల్లల్ని కోప్పడే గొంతు ఎటు పోయిందో. “నీ పరిస్థితిలో ఎవరైనా అలాగే అనుకుంటారు. మనసులో పెట్టుకోకు.”

“పాపం, నిన్నెవరూ ఏమీ అనరే,” అంది పిన్ని.

ఆవిడకి చెంపలు మండాయి. చెప్పిన తప్పుని చెప్పినచోటే తుడిచేస్తున్నారు. ఇదే జాలిని ఆ రోజు కావాలని కేకేసి పిలిచింది తను.

“నా పరిస్థితి కాదు మాస్టారూ, నా నోరు. కళ్లున్నవాళ్లు ఆ మాట అంటే మీరు ఊరుకునేవారా? అన్నయ్యకి కుర్చీ కూడా వెయ్యలేదట. మీరు చూసి కూడా చెప్పలేదు. నన్ను కాపాడామనుకున్నారు. నేనూ అదే అనుకుని టీ తాగాను.”

ఈసారి దగ్గింది మాస్టారని ఆవిడకి తెలిసింది.

“మిషను ఉండొచ్చులే,” అన్నాడాయన. “మీటింగులో రాసుకుంటాం.”

“అది నాతో చెప్పకండి.”

చెప్పుల చప్పుడు కిందికి దిగింది. మాస్టారు ఏదో అన్నాడు, టైలర్ ఏదో అన్నాడు. మాస్టారు తొందరగా పైకి వచ్చేశాడు.

ఆవిడ మళ్లీ కిందికి దిగి, ముఖం చెల్లక ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది.

“ఎందుకలా నించున్నావు? దారికి అడ్డం,” అన్నాడు టైలర్.

“నాకేదైనా పని చెప్పు అన్నయ్యా.”

“పనా? నీ దొర రీళ్ల డబ్బా తన్నేసి, దారాలన్నీ చిక్కులు పడేసింది. విడదియ్యి.” ఆవిడ ఒళ్లో డబ్బా పడేశాడు. “తెంపావంటే ఊరుకోను.”

ఆవిడ మెట్టు మీద కూర్చుని విడదియ్యడం మొదలెట్టింది. మొదటి చిక్కులోనే దారం తెగింది.

“అప్పుడేనా? ఏం చేతులమ్మా అవి! కొస వెతకాలి ముందు. లాగడం కాదు. ఆసుపత్రిలో వైర్లు కూడా ఇలాగే పీకుతావా?”

“లేదన్నయ్యా.”

“లేదట! కొస వెతుకు.”

ఆవిడ కొస వెతికింది. సిగ్గు ఎక్కడికీ పోలేదు. ఒళ్లోనే కూర్చుని ఉంది. కాసేపటికి దొర కూడా వచ్చి పక్కన కూర్చుంది. వచ్చినట్టు గంట చెప్పలేదు.

మిషను దగ్గర ఇనుము కదిలింది. చక్రం అరచుట్టు తిరిగింది, తోలు బెల్టు దాని మీద రాసుకుంది. విప్పేటప్పుడు వచ్చేదీ అదే చప్పుడు, ఎక్కించేటప్పుడు వచ్చేదీ అదే. నెల కిందటైతే ఆవిడ ఏదో ఒకటి గట్టిగా చెప్పేసి ఉండేది.

“అన్నయ్యా, బెల్టు ఎక్కిస్తున్నావా, తీస్తున్నావా?”

“ఏం, చెవులు కూడా పోయాయా?”

“నమ్మకం పోయింది.”

చక్రం ఇంకో అరచుట్టు తిరిగింది.

“ఎక్కిస్తున్నాను,” అన్నాడు. “ఆ కిటికీ మాత్రం ఇవాళే మూయించు.”