ఉమ్ గస్సాన్ గారి పుండు

"గడ్డం తీయించాలక్కా, ఈ ఆదివారమే. అమ్మేమో ఒంటికి కత్తి తగలనివ్వనంటోంది."

ఫోనులో గొంతు గుసగుసలాడుతోంది. వెనక కుళాయి ధారగా పోతోంది. విదాద్ ఫోనును చెవికి ఇంకాస్త అదుముకుంది.

"మీ అమ్మకి గడ్డమేంటి తల్లీ? అయినా గడ్డానికి మంగలి ఉన్నాడుగా, మాకెందుకు చేశావు?"

"గడ్డం కాదక్కా, గడ్డ! పేగులో!" అని ఒక్క అరుపు వినిపించి, ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది. కుళాయి హోరు ఇంకా పెరిగింది. "బాత్రూంలోంచి మాట్లాడుతున్నా. అమ్మ పక్క గదిలోనే ఉంది. తనకి తెలీదు."

విదాద్ నిట్టూర్చింది. ఇర్బిద్ ఊళ్ళో నిజాలన్నీ బాత్రూముల్లోనే స్నానం చేస్తాయి, బయటికి మాత్రం రావు.

ఆమె చాలాకాలం క్యాన్సర్ వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. ఇప్పుడు రోగుల సంఘంలో ఫోను దగ్గర కూర్చుంటోంది. మందు చెప్పదు. మందు చెప్పేవాళ్ళలో మందమతులెవరో చెబుతుంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఏం అడగాలి, ఏ వీడియో చూసి మోసపోకూడదు, అదీ ఆమె పని. ఆ పొద్దున ఒకాయన ఒంటెపాలు ఒంటికి పడతాయా అన్నాడు. ఇంకొకావిడ సోడాపొడితో గడ్డ కరుగుతుందట కదా అంది. కాదు, కాదు అని చెప్పీ చెప్పీ మధ్యాహ్నానికి విదాద్ నాలుక చెప్పులా అరిగిపోయింది. సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుందామనుకుంది. కాళ్ళకి ఆ యోగం లేదు.

బాత్రూం అమ్మాయి పేరు నిహాయా. అన్న గస్సాన్ టైల్స్ దుకాణం నడుపుతాడు. పెద్దకొడుకు పేరుమీద తల్లిని అందరూ ఉమ్ గస్సాన్ అంటారు. ఆమెకి క్యాన్సర్ అని తేలింది. ఇంకా పాకలేదు, ఆలస్యం చేయకుండా తీసేస్తే మంచిదన్నాడు సర్జను. ఇంట్లో మాత్రం ఆ మాట పుట్టలేదు. అక్కడ ఎవరూ దాని పేరెత్తరు. 'ఆ జబ్బు' అంటారు, ఆ వెంటనే 'దేవుడు దూరం చేయాలి' అంటారు. పేరు పలికితే అది పలుకుతుందని భయం. అందుకని గస్సాన్ తల్లికి 'కడుపులో పుండు' అని చెప్పాడు.

ఉమ్ గస్సాన్ ఊరుకునే మనిషి కాదు. ఆమె చెల్లెలి కొడుకు ముసన్నా దూరాన అకబా ఊళ్ళో కడుపు డాక్టరు. వాడికి ఫోన్ చేసి, "ఒరేయ్, పుండుకి పొట్ట కోస్తారట్రా!" అంది. "పుండుకి కోతెందుకు పెద్దమ్మా? మాత్రలతో తగ్గుతుంది. పారిపోయి వచ్చెయ్!" అన్నాడు వాడు. అంతే! ఉమ్ గస్సాన్ మంచానికి అతుక్కుంది. సర్జను డాక్టరు కాదు, కసాయి అని వీధంతా చాటింది.

"పోనీ ముసన్నాకి నిజం చెప్పకపోయారా?" అంది విదాద్ ఫోనులో.

"వాడికి చెబితే మా పిన్నికి చెబుతాడు. పిన్నికి చెబితే ఇక మసీదు మైకు అక్కర్లేదక్కా."

విదాద్ కాళ్ళు ఈడ్చుకుంటూ, నిహాయా వాళ్ళింటికి వెళ్ళడానికి షేర్ టాక్సీ ఎక్కింది.

గస్సాన్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "అక్కా, మీకు నమ్మకమైన డాక్టర్లు తెలుసటగా. ఒకణ్ణి చూడండి. పుండుకి కూడా కోయాలని అమ్మతో చెప్పాలి, అంతే."

"నమ్మకమైనవాణ్ణి అబద్ధం చెప్పడానికి పిలుస్తావా నాయనా? దానికి బయటివాడెందుకు? ఇంట్లో నువ్వున్నావుగా."

"నిజం చెబితే అమ్మ గుండె ఆగిపోతుంది!"

"ముసన్నా మంచి డాక్టరే. మంచి జవాబే ఇచ్చాడు. మీరే వాడికి తప్పుడు ప్రశ్న పంపారు. ఇంకో పదిమందిని అడిగించు, పుండుకి పదిమందీ మాత్రలే చెబుతారు. ఈలోగా గడ్డ మాత్రం మీ మొహమాటం చూసి ఆగదు."

అంతలో ఉమ్ గస్సాన్ చేతికర్రతో హాల్లోకి వచ్చింది. "ఎవర్రా ఈవిడ?"

"పుం... పుండ్ల సంఘం నుంచి వచ్చారమ్మా," అన్నాడు గస్సాన్, చెమట తుడుచుకుంటూ.

"పుండ్లకి కూడా సంఘమా! ఇక అధ్యక్షుడు, కార్యదర్శి, పుండుకొక ఓటూనా?" అని నవ్వి, "కూర్చో తల్లీ. నిహాయా, కాఫీ!" అంది.

యాలకుల వాసనతో కాఫీ వచ్చింది. విదాద్ చిన్న కప్పు అందుకుంది. పొద్దుట్నుంచీ ఆమె గొంతు దానికోసమే ఎదురుచూస్తోంది. అయినా తాగకుండా ముందున్న బల్లమీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

గస్సాన్ మొహం తెల్లబోయింది. పెళ్ళిమాటకో, రాజీకో పెద్దలు జాహాగా కదిలొచ్చినప్పుడు చేసే పని అది. అడిగింది ఇస్తానని ఇంటాయన మాటిచ్చేదాకా వచ్చినవాళ్ళు కాఫీ ముట్టరు. ముట్టకుండా లేచిపోతే ఇంటి పరువు పోయినట్టే.

"అక్కా, ఇది మగవాళ్ళ జాహాలో చేసేది..." అన్నాడు సన్నగా.

"మీసం లేదనా? గడ్డం గురించి ఇందాకే మీ చెల్లెలితో మాట్లాడాను, అది చాల్లే."

ఉమ్ గస్సాన్ కప్పుకేసి చూసింది, కొడుకుకేసి చూసింది. "నీకేం కావాలి తల్లీ?"

"మీ అబ్బాయి ఒక మాటివ్వాలి."

"ఇచ్చెయ్యరా!"

"అమ్మా, ఏంటో కూడా తెలీకుండా..."

"ఏదైతే ఏం? నా గడపలో కాఫీ చల్లారడం మీ నాన్న బతికుండగా జరగలేదు. ఇచ్చెయ్!"

"ఇస్తున్నా," అన్నాడు గస్సాన్. కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నాడు.

విదాద్ ఉమ్ గస్సాన్ వైపు తిరిగింది. క్యాన్సర్ వార్డులో ఈ మాట ఎన్నోసార్లు అడిగింది. ఎప్పుడూ తేలిక కాలేదు. "మీ ఒంట్లో ఏముందో మీరు తెలుసుకోవాలనుకుంటున్నారా? వద్దంటే వద్దు. కావాలంటే మీ అబ్బాయి చెబుతాడు."

ముసలావిడ కర్ర పిడిని నిమిరింది. "చెప్పరా," అంది.

గస్సాన్ చెప్పాడు. పేరు దగ్గర రెండుసార్లు ఆగాడు. మూడోసారి అన్నాడు.

ఆమె గుండె ఆగలేదు. నిహాయా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. విదాద్ బల్లమీది కప్పు తీసుకుని కాఫీ తాగింది.

"ముసన్నాకి ఫోన్ చెయ్," అంది ఉమ్ గస్సాన్ చివరికి. "అందరికీ వినపడేలా పెట్టు."

ఈసారి సర్జను చెప్పింది చెప్పినట్టు గస్సానే చెప్పాడు. ముసన్నా అంతా విని, పెద్దమ్మతోనే మాట్లాడాడు.

"పెద్దమ్మా, నువ్వడిగిన పుండుకి నేను చెప్పింది నిజమే. ఇది వేరు. రిపోర్టులు నాకూ పంపించు, చూస్తాను. కానీ ఆ డాక్టరు సరిగ్గానే చెప్పాడు. ఆదివారం దాటనివ్వద్దు. నేనూ వస్తాను."

అకబాలో ఫోను చేతులు మారింది. చెల్లెలు అందుకుంది. "ఏంటక్కా, ఏ పుండు? ఏ గడ్డ? నాకెవరూ ఏమీ చెప్పరేం?"

ఉమ్ గస్సాన్ గొంతు సవరించుకుంది. ఇటు కొడుకు, కూతురు, అటు చెల్లెలి ఇల్లంతా వింటున్నారు.

"పుండు కాదే చెల్లీ, క్యాన్సరు. నీ కొడుకు తప్పేం లేదు, వాణ్ణి తిట్టకు. నా కొడుకు నాకు పుండని చెప్పాడు, నేను నీ కొడుకుని పుండు గురించే అడిగాను, వాడు పుండుకే చెప్పాడు. మధ్యలో ఆ సర్జన్ని అనవసరంగా కసాయిని చేశాను. ఆదివారం ఆయన చేతే కోయించుకుంటున్నాను. ఇప్పుడందరికీ అర్థమైందిగా?"