ఒక్కటీ పోలేదు

పాలు పొంగుతున్నాయని అత్తగారు కేకేస్తే ఆమె వాక్యం మధ్యలో లేచింది. కంప్యూటరును మాత్రం ఎప్పటిలాగే తెరిచి ఉంచింది. తెర మీద ఒక పక్క పిల్లల జబ్బుల గురించి ఒక డాక్టరు రాసిన పుస్తకం, ఇంకో పక్క తన అనువాదం, వెనక నిఘంటువు, దాని వెనక ‘పోటు’కీ ‘సలుపు’కీ తేడా తేల్చుకున్న పాత అధ్యాయం. వాక్యాన్ని కావాలనే సగంలో వదులుతుంది. కొస చేతిలో ఉంటే మళ్లీ వచ్చి అందుకోవడం తేలిక. ఇంట్లో ఆడదానికి తీరిక ముక్కలు ముక్కలుగానే దొరుకుతుంది మరి.

పాలు దించి, అత్తగారికి మందులిచ్చి, ఆరిన బట్టలు మడతపెట్టి వచ్చేసరికి తెర నల్లగా ఉంది. భర్త ఆపేశాడు. గదిలోంచి వెళ్తూ లైటు ఆర్పినట్టే దాన్నీ ఆర్పుతాడు. అతని లెక్కలో అదొక సాయం. ఎన్నిసార్లు వద్దన్నా ఒకటే జవాబు: “అన్నీ సేవ్ చేసే మూశాగా. ఒక్క అక్షరం కూడా పోలేదు. చూసుకో.”

నిజమే, అక్షరాలు పోలేదు. మరి పోయిందేమిటి? అదే ఆమెకు చెప్పడం చేతకాలేదు. మాటల మీద బతికే మనిషికి తన నష్టానికి మాట దొరక్కపోవడం ఎంత సిగ్గు! మళ్లీ అన్నీ తెరిచి కూర్చుంటే ఆ సగం వాక్యం ఎవరో రాసిపోయినట్టుండేది. అందాకా తట్టిన మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. మొన్న ప్రచురణకర్త ఫోను చేసి, ఇలాగే ఆలస్యమైతే మిగతా పుస్తకం ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని మర్యాదగానే చెప్పాడు. రెండు పడవల మీద కాళ్లెందుకు, ఒకటి మానెయ్యమన్నారు అత్తగారు. ఏది మానాలో విడమరిచి చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

హాల్లో కిటికీ పక్కన బల్ల మీద చదరంగం పరిచి ఉంటుంది. భర్తా పక్కింటాయనా ఆదివారాలు ఆడుకుంటారు. ఒక్కో ఆట నెలలు సాగుతుంది. దాన్నెవరూ ముట్టుకోకూడదు. ఆమె కూడా గుడ్డ కొసతో పావుల మధ్య దుమ్ము తుడుస్తుందే గాని ఒక్క బంటునీ కదపదు.

ఆ రోజు గుడ్డ పట్టుకుని బల్ల ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత పావులన్నీ తీసి, ఒక్కొక్కటీ శుభ్రంగా తుడిచి, పెట్టెలో సర్ది మూత పెట్టింది. అబద్ధమెందుకు, కాస్త హాయిగానే ఉంది.

సాయంత్రం భర్త ఖాళీ బల్ల చూసి నిలబడిపోయాడు. ఎవరు తీశారని అడిగాడు.

“నేనే. ఒక్క పావు కూడా పోలేదు. పెట్టెలో చూసుకోండి.”

“పావులెవడిక్కావాలి? ఆట ఎంతదాకా వచ్చిందో, తర్వాతి ఎత్తు ఏం వేద్దామనుకున్నానో, అదంతా పోయింది కదా.”

ఇన్నాళ్లూ వెతుకుతున్న మాట అతని నోటే వచ్చింది. ఆమె గుడ్డ దులిపి మడత పెట్టింది.

“అదేనండీ,” అంది, “నాకు రోజూ పోతున్నది.”