ఊళ్ళో పడిన ఒక్క ఓటు

సోమవారం పొద్దున్నే యాలకుల రొట్టె చేసుకుని బయలుదేరిందన్న మాటేగానీ, తైమి గుమ్మం దాకా వచ్చేసరికి హిల్కా తలుపు తట్టలేక ఆగిపోయింది. నలభై ఏళ్ళ స్నేహం. తైమి ఊరి బడిలో వంటమనిషి. ఆ బడిని మూసెయ్యకుండా ఆపాలని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి జరిగే మునిసిపల్ ఎన్నికల్లో నిలబడింది. ఆదివారం పోలింగు, రాత్రికే లెక్క తేలింది: ఊళ్ళో అరవై ఎనిమిది మంది ఓటేస్తే తైమికి పడింది ఒకటి. పేపరువాళ్ళు దాన్ని ఊరివారీగా అచ్చేసి మరీ ఇంటింటికీ పంచారు.

ఆ ఒక్కటీ తైమి తనకు తాను వేసుకున్నదే అనుకుంది హిల్కా. అంటే తను తైమికి వెయ్యలేదన్న బండారం బయటపడిపోయినట్టే. తన కొడుక్కి రంపపు మిల్లులో పనిచ్చిన పెద్దమనిషి కూడా నిలబడ్డాడు. ఓటు కాగితం మీద ఆయన నంబరు రాస్తూ, ఊరంతా తైమికే వేస్తుంది కదా, నా ఒక్కటీ తగ్గితే మునిగిందేముంది అనుకుంది. ఊరంతా అచ్చం అలాగే అనుకుంది కాబోలు. ఏం మనుషులమో!

తైమి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. కాఫీ పోసి, "కూర్చోవే" అంది.

"ఏడ్చావా?"

"ఏడవక? నీకు గాక ఇంకెవరికేస్తాం అని చేతిలో చెయ్యేసి చెప్పారే! ఇక పసిపిల్లల్ని నలభై కిలోమీటర్లు బస్సులో తోలతారు. ఒక్కడికీ సిగ్గు లేదు."

హిల్కా తలొంచుకుని రొట్టె కోసింది.

"ఎవరితోనూ అనకు. నాకు నేను వేసుకోలేదే. మరీ సిగ్గేసి, ఇంకొకరికి వేసొచ్చా. అంటే ఆ ఒక్కటీ నీదే. రాత్రంతా అదే తలుచుకుని బతికాను."

హిల్కా కత్తి పక్కన పెట్టింది. "మరి మీ ఆయన, ఎస్కో?"

"మా మహానుభావుడా? నీకు పిచ్చి పట్టిందని నన్ను తిట్టి, ఆదివారం గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి పోయాడు. ఆ మొహం చూడబుద్ధి కావట్లేదు."

ఆదివారం సాయంత్రం, పోలింగు ఇక ముగుస్తుందనగా, చేపల సంచీ భుజాన వేసుకుని, టోపీ చేత పట్టుకుని, ఓట్లు వేసే బళ్ళోకి వెళ్తున్న ఎస్కోను హిల్కా కళ్ళారా చూసింది. ఇప్పుడా మనిషి కిటికీ అవతల ఏమీ ఎరగనట్టు కట్టెలు కొడుతున్నాడు.

నోరు మూసుకుంటే స్నేహం మిగులుతుంది. హిల్కా ఒక గుక్క కాఫీ తాగింది. కప్పు కింద పెట్టింది.

"తైమీ, ఆ ఓటు నాది కాదే. మీ ఆయనది. బళ్ళోకి వెళ్తుంటే చూశాను. నేను మిల్లాయనకి వేశాను."

తైమి లేచింది. తిట్టినా బాగుండునని హిల్కాకు ఏడుపొచ్చింది. తైమి కిటికీ దగ్గరికి వెళ్ళి కట్టెలు కొడుతున్న మొగుణ్ణి చూసింది. తర్వాత ఇంకో కప్పులో కాఫీ పోసింది. రొట్టె జోలికి పోలేదు. కప్పు పట్టుకుని తలుపు తీస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"నేనూ ఆయనా లోపలికొచ్చేసరికి నువ్వెళ్ళిపోయి ఉండు, హిల్కా."