‘మీ పేరు’ అనే ఆవిడ

అచ్చాఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దినావిడ కన్ను ఎలాంటిదో వేరే చెప్పాలా? ఎక్కడ ఒత్తు ఎగిరిపోయినా పట్టేసేది కాబట్టి అక్కడివాళ్ళంతా ఆవిడను ఒత్తుల పిన్ని అనేవారు. ఉద్యోగం అయిపోయాక కూడా ఆ కన్ను ఊరుకోలేదు. దుకాణాల బోర్డులు, మందు సీసాల కాగితాలు, ఒక్కటీ వదిలేది కాదు. “అత్తయ్యా, మీ చాదస్తం పనికొచ్చే చోటు ఒకటుంది” అంటూ రెండేళ్ళ కిందట కోడలు ఆవిడను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

అది తెలుగులో అక్షరదోషాలు పట్టే సాఫ్ట్‌వేర్. దాన్ని అమ్మేవాళ్ళూ లేరు, కొనేవాళ్ళూ లేరు. ఎక్కడెక్కడివాళ్ళో తీరిక దొరికినప్పుడు తలో చెయ్యీ వేసి తయారుచేస్తుంటారు. లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. పిన్ని రోజూ వంట కాగానే కళ్ళలో వత్తులు వేసుకుని అందులోని పదాల పట్టిక దిద్దేది. “జీతం భత్యం లేని కొలువు” అని భర్త వెక్కిరిస్తే, వినపడనట్టు తరవాతి పదానికి వెళ్ళేది.

ఒక ఆదివారం ఆ సాఫ్ట్‌వేర్ కొత్త విడుదల వచ్చింది. పనిచేసినవాళ్ళందరి పేర్లూ మొదటిసారిగా దానితోపాటే వేశారు. కోడలు అరవై పేర్లూ పైకి చదివింది. ఒకే ఒక్క కామా మార్చినతను కూడా ఉన్నాడు. పిన్ని లేదు.

“మళ్ళీ చదువు.”

చదివింది. లేదు.

పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఎన్ని వందలమంది రచయితల పేర్లు సరిచేసిందో! ఆవిడ పేరు మాత్రం ఏ పుస్తకంలోనూ ఏ మూలా అచ్చు కాలేదు. ఈసారైనా చూసుకోవాలని ఎంత ఆశపడిందో ఎవరికీ చెప్పలేదు, మొగుడికి అసలే చెప్పలేదు.

“చెయ్యి ఫోను, ఆ పెద్దమనిషికి!”

ఆ పెద్దమనిషి బళ్ళో లెక్కలు చెప్పే మేష్టారు. ఈ పనంతా ఆయన చేతుల మీదుగానే నడుస్తుంది.

“యూజర్‌నేమ్ ఏం పెట్టుకున్నారమ్మా?” అన్నాడాయన.

“మీ పేరు.”

“నా పేరు కాదండీ, మీ పేరు.”

“అదేనయ్యా చెబుతున్నా, మీ పేరు!”

కోడలు నెత్తి కొట్టుకుంది. “అయ్యో అత్తయ్యా! నిజంగా ‘మీ పేరు’ అనే పెట్టుకున్నారా?”

అవతల మేష్టారు కేక పెట్టినంత పని చేశాడు. “ఆ మనిషి మీరా! పేరు గడి నింపనివాళ్ళేమో అనుకుని, జాబితా తయారుచేసే ప్రోగ్రామ్ ఆ వరసను ఏరి పారేస్తోందమ్మా. మేమేమో ఇంత బాగా దిద్దే మహానుభావుడు ఎవరా అని బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నాం.”

“మహానుభావురాలు” అని దిద్దింది పిన్ని.

“అదేలెండి. కానీ అలా ఎందుకు పెట్టారు?”

“మీరు రాయమన్నదే రాశాను. ఫారం తెరిచి చూడండి. ఇక్కడ ‘మీ పేరు’ అని రాయండి, అనుంది. కొటేషన్లలో పెట్టి, పక్కన ‘అని’ కూడా తగిలించారాయె. ఉన్నది ఉన్నట్టు దించాలని అచ్చాఫీసులో మాకు మొదటిరోజే నేర్పారు. నా పేరే కావాలంటే, మీ పేరు రాయండి అంటే చాలదూ?”

కాసేపు టకటకమని కీబోర్డు చప్పుడు. ఆ వాక్యం ఎవరి చేతి చలవో వెతుకుతున్నాడు కాబోలు.

“నేనేనండీ రాసింది” అన్నాడు మేష్టారు నీరసంగా. “వచ్చే ఏడాది విడుదలలో తప్పకుండా...”

“నాకు డెబ్భై ఒకటి. ఏడాది ఆగమంటారా?”

ఒక్క పేరు కోసం మళ్ళీ విడుదల చేయడం ఇంతవరకూ జరగలేదు. “ఆగొద్దమ్మా. ఇవాళే చేస్తాను. కానీ ఒక నియమం ఉంది. ఎవరి పేరు వాళ్ళే రాసుకోవాలి, మీ బదులు నేను రాయకూడదు.”

పాత యూజర్‌నేమ్‌కు అసలు పేరు జతచేసే ఫైలు ఒకటి తెరిచారు. ఒకపక్క ‘మీ పేరు’ ఉంది, రెండో పక్క ఖాళీ. పిన్ని ఇంటిపేరుతో సహా టైపు చేసింది.

“అత్తయ్యా” అంది కోడలు మెల్లిగా, “ఒత్తు పోయింది.”

పిన్ని గుడ్లప్పగించి చూసింది. నిజమే! ఆవిడ తప్పు ఒకరు పట్టుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. కోపం రావాల్సింది పోయి ముఖం విప్పారింది. “నా కోడలివనిపించావే” అంటూ దిద్దుకుంది.

గంటలో కొత్త విడుదల వచ్చింది. ఎందుకు చేశారన్న చోట ‘ఒక పేరు తప్పిపోయింది’ అని మేష్టారు ఒక్క ముక్క రాశాడు. పిన్ని జాబితాను అడుగునుంచి వెతకడం మొదలుపెట్టింది. ప్రూఫులవాళ్ళను ఎప్పుడన్నా తలుచుకుంటే చిట్టచివర్న తలుచుకుంటారు మరి. కోడలు మౌసు తీసుకుని ఒక్క ఊపులో పైకి లాగేసింది.

“పని ఎక్కువ చేసినవాళ్ళు ముందుంటారు అత్తయ్యా.”

మొట్టమొదటి వరసలో ఆవిడ పేరు. పక్కన నాలుగువేల నూటఏడు దిద్దుబాట్లు. పిన్ని అక్షరం అక్షరం వేలు పెట్టి చూసుకుంది. ఎక్కడా తప్పు లేదు. ఛాతీ ఉప్పొంగిపోయింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

“మీ మావయ్యను పిలు.”

ఆయన వచ్చి, కళ్ళజోడు తగిలించుకుని, తెరమీదికి వంగాడు. “ఎవరమ్మా ఈవిడ? మన ఇంటిపేరే ఉందే?”

“ఇంకెవరు? నేనే” అంది పిన్ని. “గట్టిగా చదవండి, వింటాను.”