గడ్డివాముల ముందు డాక్టరుగారు

1982 వేసవిలో షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉండే డాక్టర్ హరనాథ్ షికాగో ఆర్ట్ మ్యూజియంలో పేరున్న ప్రతి పెయింటింగ్ ముందూ ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. కెమెరా పట్టుకున్న భార్య భానుమతి కళ్ళు ఫ్రెంచి చిత్రకారుడు మోనే గీసిన గడ్డివాముల మీదికి పోతుంటే, "తరవాత స్లైడ్స్‌లో చూద్దువుగాని, ముందు క్లిక్ చెయ్యి!" అని కసిరాడు.

ఆదివారం స్నేహితులను భోజనానికి పిలిచి, ప్రొజెక్టర్ పెట్టి, మోనే చిత్రకళా శైలి ఇంప్రెషనిజం మీద ఉపన్యాసం దంచాడు. తెర నిండా ఆయన సూటూ, బొజ్జా.

"గడ్డివాములేవి అన్నయ్యగారూ?" అంది మిత్రుడి భార్య రాధారాణి.

"నా వెనకాలే ఉన్నాయమ్మా."

"మీకెలా అనిపించాయి వదినా?"

"మా ఆయన బాగా పడ్డారు," అంది భానుమతి. అందరూ నవ్వారు. హరనాథ్ అది మెచ్చుకోలనుకుని మరీ గట్టిగా నవ్వాడు.

మర్నాడు ఆయన హాస్పిటల్‌కి వెళ్ళగానే భానుమతి ఒక్కతే షికాగో రైలెక్కింది. ఆ గడ్డివాముల ముందు బెంచీ మీద కూర్చుని, ఎవరూ అడ్డం లేకుండా, కళ్ళారా చూసింది.