చేతులతో నడక

కంకర తట్టలో నీళ్ళు చిలకరించి, అరచేత్తో సమంగా సర్ది, అతను లేచి నడుం పట్టుకున్నాడు. పొడి కంకర మీద నడిస్తే దుమ్ము లేస్తుంది, దుమ్ము లేస్తే దగ్గు వస్తుంది, అప్పుడు అడుగులతో పాటు దగ్గు కూడా రికార్డవుతుంది. కంకర పక్కన ఇసుక తట్ట, ఆ పక్కన చెక్క పలక, తర్వాత నాపరాయి. గది చివర గోడ లేని తలుపు ఒకటి నిలబడి ఉంది. చట్రం, గొళ్ళెం, బందులు అన్నీ ఉన్నాయి. తీసుకుని అవతలికి వెళితే మాత్రం మళ్ళీ ఇదే గది. కిటికీలు లేవు. గోడలన్నిటికీ మందపాటి బట్ట కొట్టి ఉంది. అక్కడ ఏం మాట్లాడినా మాట పెదవుల దగ్గరే రాలిపోయినట్టుంటుంది.

సినిమాలో నటులు నడుస్తారు గాని ఆ నడక చప్పుడు మైకుకి సరిగ్గా అందదు. తర్వాత ఎవరో ఒకరు ఈ గదిలో బొమ్మ చూస్తూ ఆ అడుగులన్నీ మళ్ళీ వేయాలి. ఆ ఎవరో ఒకరు అతను. కుర్చీ జరిపిన చప్పుడు, తాళాల గుత్తి గలగల, దుప్పటి విదిలించిన చప్పుడు కూడా అతనివే. లావుపాటి మనిషి, మోకాళ్ళకు పట్టీలు, నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ నీళ్ళతో అణిచి దువ్వుకుంటాడు. పని లేనప్పుడు మాత్రం అతని కాళ్ళు చప్పుడు చేయవు. ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో తెలియక ఉలిక్కిపడినవాళ్ళు పిల్లి అని పేరు పెట్టారు. వయసొచ్చాక అది పిల్లిగారు అయింది.

మొన్నమొన్నటి దాకా ఈ గదిలో ఇద్దరుండేవారు. మగవాళ్ళ అడుగులు అతనివి, ఆడవాళ్ళవి అక్కవి. అక్కే అతన్ని ఈ పనిలోకి తెచ్చింది. అతను ఎక్కడ ఎవరి నడక విన్నా దాచుకుని తెచ్చేవాడు. పెద్ద హీరో సింహంలా వస్తుంటే జనం ఈలలు వేసే నడక, నిజానికి కాలి ఆనె బాధతో జాగ్రత్తగా అడుగేసే ఒక పోస్టుమాస్టరుది. అక్క ఎవరిదీ తెచ్చుకోలేదు. తెరమీద నడిచే అమ్మాయి మొహం చూసేది, నడిచేది. తెరమీది మనిషి ఆగిపోయే ముందు అక్క ఒక అరడుగు వేసేది. మడమ ఆనుతుంది గాని బరువు పడదు. వింటున్నవాళ్ళకి ఎందుకో గుండె జారేది. అతను ఎన్నోసార్లు అడిగాడు, అది ఎలా వేస్తావని.

"కాళ్ళేం చూస్తావురా, మొహం చూడు," అనేది అంతే.

ఇప్పుడు అక్క మంచాన పడింది. ఇక లేచి నడవదని డాక్టరు మేనకోడలితో చెప్పాడు, మేనకోడలు అతనితో చెప్పింది, అక్కకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఇన్నేళ్ళ ఆవిడ అడుగులన్నీ పాటల కింద, ఫైటింగుల కింద అణగిపోయాయి. ఇప్పుడు చేస్తున్న సినిమాలో ఒక్క చోటైనా, సంగీతం లేని చోట, అక్క నడక వినిపించాలి. ఆవిడ ఉండగా ఆవిడ చెవిన పడాలి. కొన్నాళ్ళుగా అతనికి వేరే ధ్యాస లేదు.

ఆ చోటు ఇవాళ వచ్చింది.

డైరెక్టరు కుర్రవాడు. నిద్ర లేని కళ్ళు, చేతిలో చల్లారిన టీ. సినిమా ఏదో పరాయి దేశపు సినిమాకి నకలు. హక్కులు కొని తెచ్చారో ఊరికే తెచ్చారో అతను అడగలేదు.

"పిల్లిగారూ, ఇదే సీను. భార్య ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. వసారాలో నడిచి, తలుపు దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా వెళ్తుంది. మాటల్లేవు, మ్యూజిక్ లేదు. ముందు ఒరిజినల్ వినండి." హెడ్‌ఫోన్లు అందించాడు. "మక్కీకి మక్కీ అలాగే కావాలి."

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. సమంగా, గట్టిగా పడుతున్న మడమలు. ఎక్కడో ఒక దేశంలో, ఇలాంటి గదిలోనే, ఎవరో ఒకరు ఈ అడుగులు వేశారు. తలుపుకి కొంచెం ముందు ఆ మనిషి చెప్పు సన్నగా కిర్రుమంది. అతనికి నవ్వొచ్చింది.

అక్క ఎత్తు మడమల చెప్పులు అతని కాళ్ళకి పట్టవు. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని, వాటిలో చేతులు దూర్చి, పలక మీద నడిపిస్తాడు. అలాగే నడిపించాడు. ఎడమ చెప్పుని సరిగ్గా అక్కడే కొంచెం మెలితిప్పాడు.

గాజు తెర అవతలి గదిలోంచి రికార్డింగు ఇంజినీరు గొంతు స్పీకరులో నవ్వింది. "అచ్చు గుద్దినట్టుంది."

"ఆ కిర్రు కూడా వచ్చేసింది!" అన్నాడు డైరెక్టరు సంబరంగా. "అన్నం తిని వద్దాం."

అందరూ వెళ్ళాక అతను చెక్క పలక మీదే కూర్చుని డబ్బా విప్పాడు. తినకుండా అక్కకి ఫోను చేశాడు.

"ఏరా పిల్లీ, ఇవాళ ఎవరి కాళ్ళు?" గొంతు సన్నబడింది గాని వెటకారం తగ్గలేదు.

చెప్పాడు. కిర్రు సంగతి కూడా చెప్పాడు. అవతల నవ్వు, నవ్వులోంచి దగ్గు, దగ్గులోంచి ఆయాసం.

"ఎవరిదో పాత చెప్పు కిర్రుమంటే నువ్వూ కిర్రుమనిపించావూ! వాడు తుమ్మి ఉంటే తుమ్మేవాడివేరా నువ్వు."

"అడిగితే తుమ్మాలి మరి. అక్కా, మధ్యాహ్నం ఇంకోసారి చేస్తానని అడుగుతాను. నీ నడక పెడతాను. సాయంత్రం తెచ్చి వినిపిస్తాను."

"నా నడక నీకెందుకురా? నా చెప్పులు తీసుకున్నది చాలలేదా?"

"ఉండనీ అక్కా."

"సరే, పెట్టుకో. తిన్నావా?"

"తిన్నాను," అన్నాడు. మూత పెట్టేసిన డబ్బా ఒళ్ళో ఉంది.

మధ్యాహ్నం డైరెక్టరు కాదనలేదు. అతను మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎంతకాలంగానో చెవిలో దాచుకున్నది, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా నడిపించాడు. చివర ఆ అరడుగు వేశాడు. మడమ ఆనింది, బరువు పడలేదు.

"బాగుంది," అన్నాడు డైరెక్టరు నెమ్మదిగా. "కానీ ఒరిజినల్లో ఇలా లేదు కదండీ."

ఇంజినీరు మళ్ళీ వినిపించాడు. అతను తల వంచుకుని విన్నాడు. అన్నీ ఉన్నాయి. అక్క తూకం, అక్క ఆలస్యం, అక్క అరడుగు. అక్క లేదు. పొద్దున ఆ పరాయి మనిషి కిర్రు ఎలా వచ్చిందో ఇప్పుడు ఇదీ అలాగే వచ్చింది. అసలు అక్క ఏ రెండుసార్లూ ఒకేలా వేసేది కాదని అప్పుడు గుర్తొచ్చింది. ఆగే ప్రతి మనిషికీ వేరే అరడుగు ఉండేది.

"తీసేయండి బాబూ," అన్నాడు.

"బాగానే వచ్చింది కదా?"

"తీసేయండి." చెప్పులు మళ్ళీ చేతులకి తొడుక్కుని, "సార్, ఇంకొక్కసారి," అన్నాడు.

డైరెక్టరు అతని మోకాళ్ళ వంక చూశాడు. "కానీయండి."

బొమ్మ మొదలైంది. ఎప్పుడూ తెర అడుగు భాగాన్నే చూసే అతను ఈసారి తల ఎత్తాడు. ఆ అమ్మాయి మొహం తెరనిండా ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు. గడప దాటేలోగా ఎవరైనా పిలుస్తారేమోనని, పిలిస్తే ఉండిపోతానేమోనని భయపడుతున్న మొహం. అతని చేతులు కదిలాయి. మెల్లగా మొదలై, తలుపు దగ్గరవుతున్నకొద్దీ తొందరపడ్డాయి. తలుపు దగ్గర ఆగాయి. వెనకబడిన చెప్పు కొంచెం జరిగి ముందుదాని పక్కన చేరింది, పిల్ల తల్లి పక్కన చేరినట్టు. అది ఎక్కడిదో అతనికి తెలియదు. అంతకుముందు ఎవరి దగ్గరా వినలేదు.

డైరెక్టరు టీ గ్లాసుని గాజు తెర కింది గట్టు మీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

"మొదటిదే ఉంచుదాం పిల్లిగారూ. నిర్మాత రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు. ఎక్కడ తేడా ఉంటే అక్కడ నా పీక పట్టుకుంటాడు." లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నేను మొదట తీసింది నా సొంత కథేనండీ. మా ఆవిడ తప్ప ఎవరూ చూడలేదు. తనూ సగమే చూసింది."

"అలాగే సార్," అన్నాడతను.

ఇంజినీరు ఆ మూడోదాన్ని అతని ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు.

బస్సులో నిలబడే వెళ్ళాడు. అక్క ఇల్లు మూడో అంతస్తులో. మెట్లెక్కుతున్నంతసేపూ ఎదురింటివాళ్ళ కుక్క కూడా మొరగలేదు. మేనకోడలు తలుపు తీసి, "వచ్చావా మావయ్యా, బెల్లు కొట్టేదాకా తెలియదు నీ రాక," అంది. "పొద్దుట్నుంచీ అమ్మకి నీ గురించే. నీళ్ళు తప్ప ఏమీ తీసుకోవట్లేదు." గొంతు తగ్గించి చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

అక్క దుప్పటి కింద ఉందా లేదా అన్నంత చిన్నగా ఉంది. పాదాలు మాత్రం బయట ఉన్నాయి, ఉబ్బి, నున్నగా.

"తెచ్చావా నన్ను?"

"తెచ్చాను గాని బాగాలేదక్కా. తీయించేశాను."

"ఇన్నాళ్ళకి ఒక మంచి పని చేశావు." కళ్ళు నవ్వాయి. "మరి చేతిలో అదేమిటి?"

అతను మంచం పట్టె మీద కూర్చుని, ఇయర్‌ఫోన్ ఒకటి ఆవిడ చెవిలో పెట్టాడు. రెండోది తన చెవిలో పెట్టుకోలేదు. ఆవిడ మొహం చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడ అడుగు పడుతోందో ఆ కనురెప్పల్లో తెలుస్తూనే ఉంది.

"ఎవరిదిరా ఇది?"

"తెలియదు."

"నాది కాదు."

"కాదు."

"మొహం చూశావా?"

"చూశాను."

"ఏముంది అందులో?"

"వెళ్ళాలని లేదు. వెళ్తోంది."

అక్క దుప్పటి మీదున్న అతని చేతిని, మోకాళ్ళలాగే కాయలు కాసిన ఆ వేళ్ళ కణుపుల్ని, బొటనవేలితో ఒకసారి తడిమింది.

"సినిమాలో ఉంటుందా?"

"ఉండదు. కిర్రే ఉంటుంది."

"పోనీలే. నేను విన్నాను కదా. మళ్ళీ పెట్టు."

అయిపోయిన ప్రతిసారీ తనంతట తానే మళ్ళీ మొదలయ్యేలా పెట్టాడు. కిటికీలోంచి పడుతున్న ఎండ నేల మీద నుంచి మంచం మీదికి, మంచం మీద నుంచి గోడ మీదికి పాకింది. అక్క కళ్ళు మూసుకుంది. నిద్ర పట్టిందనుకుని, అలవాటు ప్రకారం చప్పుడు కాకుండా లేచి, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మేనకోడలు ఇచ్చిన కాఫీ తాగాడు. ఇద్దరూ నీళ్ళ మోటారు గురించి ఏదో మాట్లాడుకున్నారు.

లైటు వేయడానికి గదిలోకి వెళ్ళిన మేనకోడలు, "అమ్మా," అంది. మళ్ళీ, "అమ్మా," అంది. తర్వాత, "మావయ్యా," అంది.

అతను వచ్చాడు. బయట ఉన్న పాదాల మీద చెయ్యి వేసి చూశాడు. వాటి మీదికి దుప్పటి లాగి, అంచు సర్దాడు. మేనకోడలు అతని భుజం మీద వాలిపోయింది. ఆమె ఏడుపు ఆ గది నాలుగు గోడలకీ తగిలి తిరిగి వస్తోంది. అతను ఆమెను పట్టుకుని ముందుగదిలోకి నడిపించుకు వెళ్ళాడు.

చెవిలోంచి జారి తలగడ గుంటలో పడిన ఇయర్‌ఫోన్‌లో, వంగి చెవి ఆనిస్తే తప్ప వినపడనంత సన్నగా, ఒక ఆడమనిషి తలుపు దాకా నడిచి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి నడుస్తోంది.