అంగుళం దూరంలో ఆగిన గోడ

నేను ఒక గోడను. ఇటుకలేవీ, సిమెంటేదీ అని వెతక్కండి, నాలో అవేవీ లేవు. చీరాలలో ఒక జిరాక్సు సెంటరు మేడ మీద ఇళ్ళ ప్లాన్లు గీసే ఫణికుమార్ కంప్యూటర్లో పుట్టాను. మౌసుతో ఇక్కడొక నొక్కు, అక్కడొక నొక్కు నొక్కాడు. పదకొండు అడుగుల పొడవు, నాలుగున్నర అంగుళాల మందంతో తయారయ్యాను. నన్ను కనడానికి ఎవరూ నొప్పులు పడలేదు కాబట్టి కాబోలు, నా మీద ఎవరికీ జాలి కూడా లేదు.

అయినా నాది చిన్న పనేం కాదు. ఒక పక్క హాలు, ఇంకో పక్క హైమవతి గది. రెంటినీ విడదీసేది నేనే. హైమవతి జాకెట్లు కుడుతుంది. పదకొండేళ్ళుగా అద్దె ఇంటి ముందుగదిలోనే ఆమె పని. చుట్టాలొచ్చారంటే మిషను వంటింట్లోకి, గుడ్డలు మంచం కిందికి పోవాలి. ఒకసారి ఆడపడుచు మొగుడు ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు మీద కూర్చుని, తీరిగ్గా కాఫీ తాగి లేచాడు. సొంత ఇల్లు కట్టుకుందాం అనగానే ఆమె అడిగింది ఒక్కటే, మిషనుకొక గది. భర్త అంకబాబు సరేనన్నాడు. ఆ సరేనన్న మాటను గీస్తే వచ్చినదాన్ని నేను.

మర్నాడు పొద్దున మేస్త్రి స్థలంలో ముగ్గు పోసి పునాదులకు గుర్తులు పెట్టాలి. కాగితం మీద ఉన్న గోడలకే ముగ్గు. అందులో నేను లేకపోతే నాకు పునాదీ లేదు, ఆమెకు గదీ లేదు.

భార్యాభర్తలిద్దరూ ఫణికుమార్ పక్కన కూర్చుని, అంతా అయిపోయిందనుకుంటుండగా సిద్ధాంతి గారు ఫోన్ చేశారు. వాస్తు లెక్కలో ఇంటి కొలతకు ఆయం కుదరలేదట. వెనక గోడను ఒక్క అంగుళం అవతలికి జరిపితే శుభమట. ఫణికుమార్ వెనక గోడను పట్టుకుని అంగుళం లాగాడు. దాన్ని ఆనుకుని ఉన్న నన్ను మరిచిపోయాడు. నేనేం చేయను, నాకు కాళ్ళున్నాయా? ఉన్న చోటే ఉన్నాను. నాకూ దానికీ మధ్య అంగుళం ఖాళీ పడింది.

వెంటనే కంప్యూటర్ హైమవతి గదిని లెక్కలోంచి కొట్టేసింది. నాలుగు వైపులా మూసుకుంటేనే దాని దృష్టిలో గది. హాల్లో పరిచిన టైల్సు రంగు ఆ సందులోంచి జొరబడి ఆమె గదంతా ఆక్రమించింది. పక్కన జాబితాలో ఐదు గదులు కాస్తా నాలుగయ్యాయి.

తెర మీద ఇల్లంతా కలిపి రెండు అరచేతులంత ఉంది. అందులో అంగుళం కంటికి ఆనదు, ఒప్పుకుంటాను. కనబడనప్పుడు వెతకాలి కదా! ఫణికుమార్ వెతకడం మాని నా మీద పడ్డాడు. ముందు నా మందం తొమ్మిది అంగుళాలు చేశాడు. ఒళ్ళు పెరిగింది గాని పొడవు పెరగలేదు. తర్వాత ఎత్తు పెంచాడు. పక్కన సందు పెట్టుకుని నెత్తిన పెంచితే ఏం లాభమయ్యా? రంగు మార్చాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. ఆఖరికి అచ్చం నా కొలతలతో ఇంకో గోడ తెచ్చి నా మీదే పడేశాడు. ఆ అవమానం ఎవరితో చెప్పుకోను? అదీ అంగుళం దూరంలోనే ఆగింది. దాన్ని తీసేసి విసుక్కున్నాడు.

"ఈ గోడకేదో రోగమొచ్చిందండీ."

రోగం నాకా! జరిగింది వెనక గోడ. జరపమన్నది సిద్ధాంతి గారు. లాగింది ఇతగాడు. తిట్లు నాకు. వెనక గోడను పల్లెత్తు మాట అన్నవాళ్ళు లేరు. అది శుభం కోసం జరిగిన గోడ మరి.

అంకబాబు వాచీ చూసుకున్నాడు. "పోనీలే బాబూ, కంప్యూటరే వద్దంటంటే మనమేం జేస్తాం? ఆ గోడ తీసెయ్. హాలు పెద్దదయిద్ది, పదిమంది కూర్చోవచ్చు."

"మరి మిషనో?" అంది హైమవతి.

"మిషనుదేముందే, ఏడో ఒక మూల పడుంటది."

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు గోడలు కలిస్తేనే కదా మూల! గోడను తీసెయ్యమంటూ మూల ఇస్తానంటాడు. ఫణికుమార్ నా మీద నొక్కాడు. నేను ఎర్రబడ్డాను. ఎంచుకున్న గోడ అలా ఎర్రబడుతుందని అతని నమ్మకం. అది కోపమని నాకు తెలుసు. అతని వేలు డిలీట్ మీట మీదికి వెళ్ళింది.

"ఆగు తమ్ముడూ," అంది హైమవతి. "ఆ కొస పెద్దది జేసి జూపించు."

"గోడంతా చూశానక్కా, బానే ఉంది."

"నువ్వు గోడ జూశావ్. నేను కుట్టు జూస్తన్నా. చంక కాడ కుట్టు కలవకపోతే ఇట్టాగే ఉంటది. ఆ రంగు కారేది ఆడ్నించే."

ఫణికుమార్ మౌసు చక్రం తిప్పాడు. మూల పెరిగి పెరిగి, అంగుళం ఖాళీ వీధంత అయి తెర మీద నిలిచింది. ముగ్గురూ చూశారు. నాకు క్షమాపణ చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. నా మందం, ఎత్తు మొదటిలాగే చేసి, నా కొస పట్టుకుని వెనక గోడకు తగిలించాడు, అంతే. టైల్సు రంగు హాల్లోకి తిరిగిపోయింది. జాబితాలో ఐదో గది వచ్చింది.

"పేరేం రాయమంటారు?"

"గెస్టు రూమని రాయి," అన్నాడు అంకబాబు.

"కుట్టు గదని రాయి తమ్ముడూ," అంది ఆమె. అతను అదే రాశాడు. తర్వాత నాలో మూడడుగులు కోసి తలుపు పెట్టాడు. ఆ మాట ముందే నాతో అనొచ్చు కదా?

"గడియ లోపలేపు పెట్టు."

"ప్లానులో గడియలు చూపించరక్కా."

"అయితే పెన్నుతో రాయి. మేస్త్రికి తెలవాలి."

అంకబాబు నవ్వాడు. "లోపలెందుకే? బయట పెట్టిచ్చుకో, ఊరెళ్తే తాళమేసుకోవచ్చు."

"లోపల ఉండేది నేను గదండీ."

ఫణికుమార్ ప్రింటు తీసి, నా పక్కన పెన్నుతో రాశాడు: గడియ లోపల.

ఇల్లు లేచిందట. నా కొలతలతో అక్కడొక ఇటుకల గోడ నిలబడిందట. ఫణికుమార్ మరొకరితో చెబుతుంటే విన్నాను. నా ఫైలును మళ్ళీ ఎవరూ తెరవలేదు. తెరవకపోతే పోయారు. దెబ్బలన్నీ తిన్నది నేను. రోజూ ఆ గడియ పడే చప్పుడు వినేది మాత్రం అది.